ఏటేటా ఒక కొండ: కాన్రాడ్ గెస్నర్ జీవితము

స్విట్జర్లాండు దేశములో ల్యూసెర్న్ పట్టణానికి చేరువనే పిలాటస్ అనే పర్వతమొకటి ఉన్నది. దాని అత్యున్నత శిఖరము సముద్రమట్టానికి 2,128 మీటర్ల ఎత్తు. పాదాల చెంత విశాలమైన సరస్సు, నడుమ సూదులవంటి ఆకులు గల చెట్ల అడవి, ఆపైన పచ్చిక బయళ్ళు, అన్నిటికీ మీద నగ్నమైన రాతి శిఖరాలు. ఆ పచ్చిక బయళ్ళ మధ్య ఒకచోట పూర్వము చిన్న మడుగు ఒకటి ఉండేది. దాని పేరు చెబితే ఆ ప్రాంతపు జనము వణికేవారు. ఏసుక్రీస్తుకు మరణశిక్ష విధించిన రోమను అధికారి పొంటియస్ పిలాతు శవము ఆ మడుగులో పడి ఉన్నదనీ, ఎవరైనా దానిలో రాయి వేసినా, గట్టిగా కేక పెట్టినా పిలాతు ప్రేతము ఆగ్రహించి తుఫానులు లేపి ఊళ్ళను ముంచివేస్తుందనీ వారి నమ్మకము. అందుచేత ల్యూసెర్న్ పాలకులు ఆ కొండ ఎక్కడాన్నే నిషేధించినారు. 1387లో ఆ ఆజ్ఞను మీరిన ఆరుగురు మతాచార్యులను చెరసాలలో పెట్టినారు.

1555వ సంవత్సరము ఆగస్టు నెలలో జూరిక్ నగరము నుండి వచ్చిన ఒక వైద్యుడు ఆ కొండ ఎక్కడానికి ల్యూసెర్న్ అధికారుల అనుమతి కోరినాడు. వయస్సు 39 ఏండ్లు. చిన్నప్పటినుండి పుస్తకాలలో తల దూర్చినవాడు. దూరపుచూపు బహు మందము. కోరిన కారణము ఆనాటివారికి వింతగా తోచి ఉండాలి. అతనికి ఆ కొండమీద బంగారము అక్కరలేదు, మేత అక్కరలేదు, వేట అక్కరలేదు. అక్కడ ఏ మొక్కలు మొలుస్తున్నవో చూడవలెను, అంతే.

అతని పేరు కాన్రాడ్ గెస్నర్. అప్పటికే ఐరోపా పండితలోకమంతా ఎరిగిన పేరు. అయితే ఆ అనుమతి కోరడములో పైకి కనబడని కష్టమొకటి ఉన్నది. ల్యూసెర్న్ రోమను కేథలిక్కుల పట్టణము. జూరిక్ మతసంస్కరణవాదుల పట్టణము. ఇరువదినాలుగేండ్ల క్రితము ఈ రెండు పక్షాలకూ జరిగిన యుద్ధములో, ల్యూసెర్న్ వారు కూడ కలిసిన సైన్యము చేతిలోనే గెస్నర్ తండ్రి హతుడైనాడు. తండ్రిని చంపిన పక్షమువారి ఊరికి పోయి, వారి కొండమీది పూలను చూడడానికి వారి సెలవే అడిగిన మనిషి ఇతడు.

గెస్నర్ 1516 మార్చి నెలలో జూరిక్ పట్టణాన జన్మించినాడు. తండ్రి ఉర్సుస్ గెస్నర్ బొచ్చుతోళ్ళతో ఉడుపులు తయారుచేసి బ్రతికే చిన్న వృత్తికారుడు. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. అందరినీ సాకడము తలకు మించిన పని కాగా, కాన్రాడును బంధువైన యోహాన్ ఫ్రిక్ ఇంట ఉంచినారు. వరుసకు తాత అయ్యే ఆ పెద్దమనిషి మతాచార్యుడు. మూలికలు పెంచడములో మక్కువ గలవాడు. పిల్లవానికి అక్షరాలతోబాటు ఆకుల పేర్లు కూడ ఆ ఇంటనే అలవడినవి. ఏ మొక్క ఏ నొప్పికి పనికివస్తుంది, ఏది ఎప్పుడు పూస్తుంది, ఏది దేనికి చుట్టము అనే విషయాలు బడిలో కాక పెరటిలో నేర్చుకొన్న విద్యార్థి అతడు. లేమివలన కలిగిన ఈ ఎడబాటే అతని జీవితానికి బాట వేసినదని చెప్పవచ్చును.

1531 అక్టోబరు 11వ తేదీన కాపెల్ అనేచోట జూరిక్ సేనకూ, అయిదు కేథలిక్కు మండలాల సేనకూ యుద్ధము జరిగినది. జూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఆ రణరంగములోనే కూలినాడు. ఉర్సుస్ గెస్నర్ కూడ అక్కడే మరణించినాడు. కాన్రాడుకు అప్పుడు పదునైదేండ్లు. ఇంటివద్ద తల్లి, తోబుట్టువులు, పైకము లేదు. జ్వింగ్లీ తర్వాత జూరిక్ మతసంఘానికి పెద్ద అయిన బుల్లింగర్, కొందరు ఉపాధ్యాయులు కుర్రవాని తెలివిని గుర్తించి ఆదుకొన్నారు. స్ట్రాస్‌బూర్గులో హీబ్రూ, తర్వాత ఫ్రాన్సులోని బూర్జ్, పారిస్ నగరాలలో గ్రీకు, లాటిను, మరెన్నో. పారిస్‌లో అతడు ఒక క్రమము లేకుండా చేతికి దొరికిన ప్రతి గ్రంథమునూ చదివినాడు. అట్లా చదివి కాలము పాడుచేసికొన్నానని తర్వాత తానే విచారించినాడు కాని, పిమ్మట అతడు తలపెట్టిన పనులను చూస్తే ఆ విచారము అనవసరమనిపిస్తుంది. 1534లో పారిస్‌లో సంస్కరణవాదులపై హింస చెలరేగగా ఆ ఊరు విడువవలసి వచ్చినది.

జూరిక్ తిరిగి వచ్చిన యువకుడు పందొమ్మిదవ ఏట పెద్దలను నొప్పించే పని ఒకటి చేసినాడు. బార్బరా అనే పేద యువతిని వివాహమాడినాడు. ఆమె తెచ్చిన సొమ్ము లేదు, ఇతనికి ఉన్న సొమ్ము లేదు. పోషకులకు కోపము వచ్చినది. గొప్ప విద్వాంసుడౌతాడని ధనము పోసి చదివించిన కుర్రవానికి చివరకు పసిపిల్లలకు అక్షరాలు దిద్దించే తరగతి అప్పగించినారు, జీతము నామమాత్రము. పగలు పలకలు దిద్దించి, తీరిక దొరికినప్పుడెల్లా వైద్యగ్రంథాలు ముందు వేసికొని కూర్చునేవాడు. మన దేశములోనూ ఇట్టి ఉపాధ్యాయులు లేకపోలేదు. అయితే వారిలో ఎందరికి గెస్నరుకు దొరికిన రెండవ అవకాశము దొరికినదో చెప్పలేము. 1536లో పోషకుల మనసు కరిగి, వైద్యము చదవడానికి అతనిని బాజెల్ నగరానికి పంపినారు. మరుసటి ఏడు అతని గ్రీకు-లాటిను నిఘంటువు వెలువడినది. అదే ఏడు, జెనీవా సరస్సు ఒడ్డున లోజాన్ పట్టణములో క్రొత్తగా వెలసిన విద్యాపీఠములో గ్రీకు ఆచార్య పదవి లభించినది. వయస్సు ఇరువదియొక్కటి.

లోజాన్‌లో గడిపిన మూడేండ్లూ గెస్నరుకు సుఖంగా గడిచినవి. ఎదుట సరస్సు, సరస్సుకు ఆవల మంచుకొండలు. చేతిలో కాస్త జీతము, కాస్త తీరిక. మొక్కలను సేకరించి వాటి పేర్లను లాటిను, గ్రీకు, జర్మను, ఫ్రెంచి భాషలలో పోల్చి వ్రాయడము సాగించినాడు. ఆ పట్టిక 1542లో అచ్చైనది. ఒకే మొక్కను ఒక లోయవారు ఒక పేరుతోను, కొండకు ఆవలి లోయవారు మరొక పేరుతోను పిలిచే ఆల్ప్స్ సీమలో అటువంటి పట్టిక లేనిదే ఒక వైద్యుని మాట మరొక వైద్యునికి తెలియదు. ఆ పిమ్మట కొంతకాలము మోంపెల్యేలో చదివి, 1541లో బాజెల్‌లో వైద్యపట్టము పొంది, జూరిక్ చేరినాడు. ఇక చనిపోయే వరకు అదే అతని ఊరు.

ఆ 1541వ సంవత్సరముననే పాలను గురించి, పాలతో తయారయ్యే పదార్థాలను గురించి గెస్నర్ ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. దాని మొదట, గ్లారుస్ మండలములోని మిత్రుడు యాకోబ్ ఫోగెల్‌కు వ్రాసిన లేఖ ఒకటి చేర్చినాడు. జున్ను, వెన్నల పుస్తకానికి ఆ లేఖతో పొంతన తక్కువే. అయినా ఈనాడు పుస్తకముకంటె లేఖనే ఎక్కువమంది తలచుకొంటారు. దేవుడు ప్రాణము ఇచ్చినంతకాలము ఏటేటా కొన్ని కొండలైనా, కనీసము ఒక్క కొండ అయినా, పూలు విరియబూచే వేళకు ఎక్కి తీరుతానని అతడు అందులో సంకల్పము చెప్పినాడు. అందుకు చూపిన కారణాలు మూడు: మొక్కలను తెలిసికొనడము, దేహానికి వ్యాయామము, మనస్సుకు ఆనందము.

మూడవ కారణము ఆ కాలానికి క్రొత్తది. కొండయంటే భయము, ప్రయాణానికి అడ్డు, దయ్యాల నెలవు అనేదే ఆనాటి ఐరోపావారి సామాన్య భావము. తప్పనిసరియైతే కనుమ దాటేవారే కాని కోరి శిఖరము చేరేవారు అరుదు. హిమవంతుని దేవతాత్మగా భావించిన మనకు ఇది వింత. కొండను చూడాలనే కుతూహలము పట్టలేక పాదాలకు పసరు పూసికొని హిమాలయానికి ఎగిరిపోయిన ప్రవరుని కథ తెలుగువారందరూ ఎరిగినదే. గెస్నరుకు పసరు లేదు. కాళ్ళున్నవి, ఏడాదికి ఒకమారు దొరికే నాలుగు దినాల సెలవున్నది.

సెలవు అంత దుర్లభము కావడానికి కారణము పని. ఉదయము రోగులు, పగలు విద్యార్థులకు ప్రకృతిశాస్త్ర పాఠాలు, రాత్రి దీపము ముందు వ్రాత. జీతము చాలక, అచ్చువేసే ఫ్రోషావరు ఇచ్చే ప్రతిఫలముకోసము తొందర తొందరగా గ్రంథాలు వ్రాయవలసి వచ్చేది. 1545లో, అంతవరకు లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలలో గ్రంథాలు వ్రాసిన వారందరి పేర్లను, వారి రచనలను అకారాదిగా కూర్చి విశ్వగ్రంథసూచి ఒకటి ప్రకటించినాడు. గ్రంథాలయశాస్త్రమువారు నేటికీ గెస్నర్‌ను తమ మూలపురుషులలో ఒకనిగా ఎన్నుకొంటారు. దానికి ముగింపు పడకముందే జంతువుల మీదికి దృష్టి మళ్ళించినాడు.

జంతుచరిత్ర మొదటి సంపుటము 1551లో వెలువడినది; వెయ్యికి పైగా పుటలు గల ఆ గ్రంథము పిల్లలను కనే నాలుగుకాళ్ళ జంతువులను గురించినది. 1554లో గ్రుడ్లు పెట్టే నాలుగుకాళ్ళ జంతువులు, 1555లో పక్షులు, 1558లో చేపలు, ఇతర జలచరాలు. పాముల సంపుటము అతడు పోయిన తర్వాత 1587లో వచ్చినది. అన్నీ కలిపి సుమారు 4,500 పుటలు. ఒక్కొక్క జంతువుకు ఎనిమిది భాగాలు. మొదట వివిధ భాషలలో దాని పేర్లు. తర్వాత నివాసము, ఆకారము, దేహధర్మము, స్వభావము. ఆపైన మనుష్యులకు అది చేసే ఉపయోగము, ఆహారముగా దాని గుణము, ఔషధముగా దాని గుణము. కట్టకడపట దానిని గురించిన విశేషణాలు, సామెతలు, కవుల వర్ణనలు. ఆ చివరి భాగము భాషాపండితుడు వ్రాసినది, మొదటి భాగాలు వైద్యుడు వ్రాసినవి. ఇద్దరూ ఒకే మనిషి కావడము ఆ గ్రంథానికి కలిగిన అదృష్టము.

దానిలో అతనికి అందని దేశాల జంతువులనేకము ఇతరుల మాటమీద వ్రాసినవి. ఒంటికొమ్ము గుఱ్ఱము, సన్యాసివలె కనబడే సముద్రజంతువు కూడ బొమ్మలతో సహా చేరినవి. సందేహము తోచినచోట సందేహమని వ్రాసినాడు కాని విడిచిపెట్టలేదు. పూర్వులు చెప్పినది ఏదీ జారిపోరాదనే పట్టుదల అతని గుణమూ, దోషమూ కూడ. అయితే తన కొండలకు, తన సరస్సులకు సంబంధించిన పుటలు వేరు. అక్కడ చూచినవాని, చూచినవారిని అడిగినవాని గొంతు వినబడుతుంది. నిటారు బండలమీద నిలిచే పెద్దకొమ్ముల కొండమేక ఐబెక్స్, చురుకైన షమాయ్, శీతకాలమంతా బొరియలో నిద్రించే మార్మోటు, చలికాలపు తెల్లని ఈకల కొండకోడి, ఇవన్నీ అతనికి పొరుగువారు. సరస్సు చేపల విషయములో జాలరులే గురువులు. పెర్చ్ అనే చేపను జూరిక్ జాలరులు తొలి ఏడు ఒక పేరుతోను, ముదిరినకొద్దీ వేరు వేరు పేర్లతోను పిలిచేవారు. అవి వేరు జాతులు కావు, ఒకే చేప వయోభేదాలు అని తెలిసికొని ఆ పేర్లన్నిటినీ భద్రపరచినాడు. విశ్వవిద్యాలయాల లాటినులోకి జాలరివాని మాట ఆ విధంగా ప్రవేశించినది.

పక్షుల సంపుటములో వాల్డ్‌రాప్ అనే పక్షి ఒకటి ఉన్నది. కోడియంత దేహము, నల్లని ఈకల మీద ఎండ పడితే ఆకుపచ్చని నిగనిగ, బట్టతల, పొడవై వంగిన ఎఱ్ఱని ముక్కు. కొండచరియలలో, పాడుపడిన కోటగోడలలో అది గూడు కట్టుకొంటుందని గెస్నర్ వ్రాసినాడు. దాని పిల్లల మాంసము రుచి అని ధనికుల భోజనపు బల్లలకు చేర్చేవారట. ఎగురనేర్వక మునుపే వాటిని గూటినుండి తీసేవారు. అయినా మరుసటి ఏడు తల్లిపక్షులు ఆ చోటికే తిరిగి రావడానికి గూటికొక పిల్లను విడిచిపెట్టేవారని అతడు నమోదు చేసినాడు. ఆ నియమము నిలువలేదో, నిలిచినా చాలలేదో, గెస్నర్ పోయిన తర్వాత నూరేండ్లు దాటకమునుపే మధ్య ఐరోపాలో ఆ పక్షి మాయమైనది. తర్వాతి పండితులు గెస్నర్ పుట తిరగవేసి, అది ఉన్న పక్షి కాదు, ఒంటికొమ్ము గుఱ్ఱమువంటి కల్పన అని తీర్మానించినారు. ఉత్తర ఆఫ్రికాలోను, పశ్చిమాసియాలోను బ్రతుకుతున్న బట్టతల ఐబిస్ పక్షియే ఇది అని 1897లో గాని తేలలేదు. నమ్మదగని చోట నమ్మినాడని నిందపడ్డ మనిషి, కన్నులార చూచి వ్రాసినచోట కూడ ఆ నిందకు గురియైనాడు.

మరల పిలాటస్ కథకు వద్దాము. ఆ కొండ గెస్నరుకు బాల్యమునుండి ఎరుకే. సాంక్ట్‌గాలెన్ పండితుడు వాడియానుస్ 1518లో ఆ కొండ ఎక్కి మడుగును చూచినప్పుడు వెంట ఉన్నవారిలో మికోనియుస్ ఒకడు. అతడే తర్వాత జూరిక్‌లో గెస్నరుకు ఉపాధ్యాయుడు. ముప్పదియేడేండ్లకు శిష్యుని వంతు వచ్చినది. ల్యూసెర్న్ వారు అనుమతి ఇచ్చినారు. మతవైరము పొగలు క్రక్కుతున్న కాలములో వారు చూపిన ఈ మర్యాదను కూడ చెప్పుకొనవలసి ఉన్నది.

గెస్నర్, అతని మిత్రులు ఐగెన్‌టాల్ లోయలోని పశువుల కాపరుల దగ్గర ఎండుగడ్డిమీద రాత్రి పండుకొని, మరునాడు పైకి సాగినారు. దారిలో కాపరులు చిక్కని పాలు పోసినారు. అక్కడ గెస్నర్ ఆల్ప్‌హార్న్ అనే కొమ్మును ఊది చూచినాడు. దాదాపు పదకొండడుగుల పొడవు. కొద్దిగా వంగిన రెండు కొయ్యముక్కలను తొలిచి, ఒకటిగా కూర్చి, తీగలతో బిగించి కట్టినది. ఆ కొమ్మును గురించి మనకు దొరికే తొలి స్పష్టమైన వర్ణన ఇదే. పాండిత్యభారముతో వంగిన వైద్యుడు గుడిసె ముందు నిలిచి బుగ్గలు పూరించి కొమ్మూదడము తలచుకొంటే నవ్వు వస్తుంది, గౌరవమూ కలుగుతుంది.

ఆ యాత్రను గురించి అతడు అదే ఏడు లాటినులో ప్రకటించిన చిన్న గ్రంథము పర్వతసాహిత్యములో మొదటి వరుసలోనిది. పంచేంద్రియాలకూ కొండ ఇచ్చే సుఖాన్ని అతడు ఒక్కొక్కటే లెక్కించినాడు. కంటికి శిఖరాలు, లోయలు, సరస్సులు. చెవికి పక్షుల పాట, ఊరి రణగొణధ్వని లేని నిశ్శబ్దము. ముక్కుకు పూల వాసన, పొగలేని గాలి. నాలుకకు చల్లని ఊటనీరు, ఆకలి వేసినవానికి పంచభక్ష్యాలకంటె మిన్నయైన రొట్టె. దేహానికి శ్రమ, శ్రమ తర్వాత విశ్రాంతి. మెత్తని పరుపు లేదే అని సందేహించేవానికి ఎండుగడ్డి పరుపు సుఖాన్ని కూడ వర్ణించినాడు.

అంతకంటె విలువైనది మరొకటి ఉన్నది. కొండను అతడు ఋతువులనుబట్టి నాలుగంతస్తులుగా విభజించినాడు. శిఖరాగ్రాన ఎప్పుడూ శీతకాలమే. దానికి దిగువ అంతస్తులో శీతకాలముతోబాటు వసంతము కొంత కనబడుతుంది. ఇంకా దిగితే శరత్కాలము కూడ చేరుతుంది. అన్నిటికంటె అడుగున గాని వేసవితో సహా నాలుగు ఋతువులూ పూర్తికావు. ఏ మొక్క ఏ అంతస్తులో మొలుస్తుందో ఈ లెక్కనుబట్టి అర్థమౌతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుందని నేడు బడిపిల్లలు చదువుకొంటున్నారు. అడవి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గడ్డి, ఎక్కడ నేలకు దిండువలె కరచుకొని కొద్దివారాలలో పూచి కాచి ముగించే కొండమొక్కలు మొదలౌతవో ఆ చల్లదనమే చాలవరకు నిర్ణయిస్తుంది. ఉష్ణమాపకము పుట్టకముందే, కాళ్ళతో కొలిచి, కండ్లతో చూచి గెస్నర్ ఆ సంగతిని పట్టుకొన్నాడు. దక్షిణ అమెరికా పర్వతాలపై హంబోల్ట్ ఇదే విషయాన్ని కొలతలతో నిరూపించి ప్రకటించినది 1807లో.

పిలాతు ప్రేతము విషయములో అతని తీర్పు నిమ్మళమైనది. పిలాతు ఆ చోటికి వచ్చినాడనడానికే ఆధారము లేదు. వచ్చినాడనుకొన్నా చచ్చినవానికి మేలు చేసే శక్తి గాని, కీడు చేసే శక్తి గాని ఉండదు. తుఫానులు పుట్టడానికి ప్రకృతిలోనే కారణాలున్నవి. ఇంతే అతడు వ్రాసినది. నమ్మినవారిని ఎగతాళి చేయలేదు. మడుగులో రాళ్ళు రువ్వి అందరి భయాన్ని పరీక్షించినవాడు ల్యూసెర్న్ చర్చి పెద్ద యోహాన్ ముల్లర్, అది 1585లో. ఏ తుఫానూ రాలేదు. అయినా అనుమానము తీరక 1594లో గట్టు తెగగొట్టి ఆ నీటిని పారబోసినారు.

పిలాటస్ నుండి తిరిగి వచ్చిన తర్వాత గెస్నర్ మనసు నానాటికి మొక్కలవైపు మొగ్గినది. అప్పటికి అతడు జూరిక్ నగరవైద్యుడు. అయినా ఆదాయము అంతంతమాత్రము. ఇరువదేండ్లుగా కూటికోసము వ్రాస్తున్నాననీ, దేహము అలసినదనీ 1558లో బుల్లింగరుకు మొరపెట్టుకొన్నాడు. ఆ మొర ఫలించి భృతిగల పదవి ఒకటి లభించినది. మిగిలిన ఏడేండ్లూ అతని ఆశ ఒక్కటే: జంతుచరిత్రను మించిన వృక్షచరిత్ర వ్రాయడము. 1559లో ఔగ్స్‌బూర్గులోని ఒక తోటలో పూచిన ఎఱ్ఱని తులిపు పువ్వును చూచి వర్ణించినాడు. 1561లో అది అచ్చైనది. పశ్చిమ ఐరోపాలో తులిపు పువ్వుకు తొలి వర్ణన అదియే. తోటపువ్వుకు ఆ కీర్తి దక్కినది కాని అతని ప్రాణము కొండపూలమీదనే ఉండేది. 1561లోనే బావెన్ అనే యువవిద్యార్థిని వెంటబెట్టుకొని తూర్పు ఆల్ప్స్ పర్వతాలలో మొక్కలు సేకరించినాడు. గురువు చేయబూని చేయలేని పనిని, సమస్త వృక్షాల చరిత్రను, ఆ శిష్యుడు తర్వాత తలకెత్తుకొన్నాడు.

మొక్కల బొమ్మలు సుమారు 1,500 సమకూడినవి. అనేకము అతడు స్వయంగా గీసినవి. మొక్క మొత్తము ఒకచోట. దాని ప్రక్కన పువ్వు, కాయ, గింజ విడివిడిగా, పెద్దవిగా. చుట్టూ ఇరుకు అక్షరాలతో టీకలు. మొక్కల చుట్టరికము ఆకులో కాక పువ్వులో, కాయలో, గింజలో వెదకవలెనని అతడు మిత్రులకు మరీ మరీ వ్రాసేవాడు. దూరము చూడలేని ఆ కండ్లు దగ్గరి వస్తువును ఇంత నిశితంగా చూచినవి. లిన్నేయస్ తన పుష్పవర్గీకరణాన్ని ప్రకటించడానికి ఇంకా సుమారు రెండువందల ఏండ్లు ఉన్నది.

మందుల విషయములో అతడు తన దేహాన్నే ప్రయోగశాలగా చేసికొన్నాడు. డొరోనికమ్ అనే పచ్చని పూల కొండమొక్క ఒకటి ఉన్నది. దాని వేరు నమిలితే తల తిరగదని కొండవేటగాండ్రు నమ్మేవారు. అది విషమని చక్రవర్తి ఆస్థానవైద్యుడు మట్టియోలీ వాదించినాడు. గెస్నర్ ఆ వేరును తాను తిని చూచినాడు. కడుపు ఉబ్బి, నీరసము వచ్చి, వేడినీటి స్నానముతో తేరుకొన్నాడు. ఆ సంగతిని ఉన్నది ఉన్నట్లు మిత్రునికి వ్రాసినాడు. అతడు ఆ విషముతోనే చచ్చినాడని పిమ్మట పుట్టిన వదంతి నిజము కాదు.

నిజమైన శత్రువు వేరే ఉన్నది. 1564లో జూరిక్ నగరములో ప్లేగు వ్యాపించినది. బుల్లింగర్ ఇంట భార్య, కుమార్తెలు ఆ వ్యాధికే బలియైనారు. నగరవైద్యుడు ఊరు విడిచి పోరాదు, పోలేదు. రోగులను చూస్తూనే 1565లో శిలాజాలను, ఖనిజాలను గురించిన పుస్తకాన్ని ముగించినాడు. కొయ్యగొట్టములో సీసమువంటి పదార్థము దూర్చిన వ్రాతపుల్ల బొమ్మ ఒకటి అందులో ఉన్నది. పెన్సిలుకు లభించిన మొదటి చిత్రము అదే అంటారు. ఆ డిసెంబరులో వ్యాధి అతనికే సోకినది. బ్రతుకనని తెలిసికొని, తన వ్రాతప్రతులను శిష్యుడు కాస్పర్ వుల్ఫ్‌కు అప్పగించి, వృక్షచరిత్రను ప్రకటించే భారము పెట్టినాడు. చివరి గడియలలో తనను పుస్తకాల గదికి చేర్చుమని కోరినాడు. డిసెంబరు 13వ తేదీన ఆ గదిలోనే కన్నుమూసినాడు. యాబదియవ ఏడు నిండలేదు.

ఆ బొమ్మల కథ గెస్నర్ జీవితమంత పొడవు. వుల్ఫ్ కొంతకాలము శ్రమించి, పని తన శక్తికి మించినదని గ్రహించి, వాటిని నూరెంబర్గు వైద్యుడు కామెరారియుస్‌కు అమ్మినాడు. అతడు కొన్నిటిని తన గ్రంథాలలో వాడుకొన్నాడు. అక్కడినుండి చేతులు మారి మారి, పద్దెనిమిదవ శతాబ్దములో ట్రెవ్ అనే మరొక నూరెంబర్గు వైద్యునికి దొరికినవి. వాటిలో కొంతభాగాన్ని ష్మీడెల్ 1751 మొదలు 1771 వరకు అచ్చువేయించినాడు. పిమ్మట మూలచిత్రాలు మరల కనుమరుగైనవి. 1929లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములో బయటపడినవి. గెస్నర్ చేతివ్రాతతో సహా అవి యథాతథంగా వెలువడినది 1972, 1980 సంవత్సరాల నడుమ, అంటే కర్త పోయిన నాలుగువందల ఏండ్లకు.

తోటల తులిపు పువ్వుకు లిన్నేయస్ అతని పేరే పెట్టినాడు. ఇండ్లలో కుండీలలో పెంచే ఆఫ్రికన్ వయొలెట్ చేరిన కుటుంబానికి కూడ గెస్నర్ పేరే. స్విస్ ప్రభుత్వము ఒకప్పుడు యాబది ఫ్రాంకుల నోటుమీద అతని ముఖాన్ని ముద్రించినది. కూటికోసము వ్రాస్తున్నానని మొరపెట్టుకొన్నవాని బొమ్మ నోటుమీదికి ఎక్కడము చరిత్రలోని వేళాకోళాలలో ఒకటి.

గెస్నర్ వర్ణించిన కొండమేక ఐబెక్స్ వేటగాండ్ర చేత స్విట్జర్లాండులో అంతరించి, ఇటలీ నుండి తెచ్చిన మేకల సంతతితో 1911లో మరల కొండలకు చేరినది. వాల్డ్‌రాప్ పక్షిని తిరిగి తేవడము మరింత కష్టమైనది. పిల్లపక్షులకు వలసదారి చూపడానికి మనుష్యులు చిన్న విమానాలలో ముందు ఎగురవలసి వచ్చినది. 2004లో ఆ విధంగా మొదటి గుంపు ఆల్ప్స్ పర్వతాలను దాటి ఇటలీ చేరినది. 2023లో ఒక జంట, నాలుగువందల ఏండ్ల తర్వాత స్విట్జర్లాండులో మొదటిసారిగా గూడు కట్టుకొన్నది. అవి ఎంచుకొన్న చోటు కొండచరియ కాదు, పాడుపడిన కోట కాదు. గెస్నర్ పుట్టిన జూరిక్ నగరానికి ప్రక్కన, విమానాశ్రయము చెంత ఉన్న రూమ్లాంగ్ గ్రామములో, ఒక కార్ఖానా భవనపు కిటికీ అరుగు.